మామగారి అభ్యంతరం

"ఊరు మొత్తం మీద ఒక్కటే అభ్యంతరం వచ్చిందట, అమ్మా. ఆ ఒక్కటి మన బాపుదే."

పై పోర్షన్ మెట్లు దిగుతూనే ఎవాంజెలిన్ ఆ మాట అన్నది. చేతిలో ఫోను, ఫోనులో ఒక ఉత్తరం ఫొటో. అక్షరాలు గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్నాయి. కింద ‘యోనా, విశ్రాంత చైన్‌మన్, గని సర్వే విభాగం’ అని హోదాతో సహా సంతకం.

మార్తమ్మ సర్వపిండి గిన్నె పొయ్యి మీదే వదిలేసి ఫోను లాక్కుంది. మొగుడి చేతిరాత గుర్తుపట్టడానికి ఆమెకు కళ్లజోడు అక్కర్లేదు.

‘మార్కెట్ గల్లీలో సాబిర్ గారు కట్టించిన మూడంతస్తుల పార్కింగ్ బిల్డింగులో కార్లు నిలిపే జాగాలు రూలు ప్రకారం లేవు. ఒక్కొక్కటి రెండున్నర మీటర్లు ఉండవలసినది పదిహేను సెంటీమీటర్లు తక్కువ ఉన్నది. కావున కాంట్రాక్టరు కోరిన సడలింపు ఇవ్వరాదని మనవి.’

ఆ కాంట్రాక్టరు యోనాకు స్వయానా అల్లుడు. పై పోర్షన్‌లో కాపురం ఉంటున్న టోనీ.

ఇంత మనవి చేసిన మనిషి వరండాలో స్టూలు మీద కూర్చుని నల్లబూట్లకు పాలిష్ పెడుతున్నాడు. పదకొండు గంటలకు ఆఫీసరు బిల్డింగు దగ్గరికే వచ్చి విచారణ చేస్తాడు. అభ్యంతరం పెట్టినవాళ్లు హాజరు కావాలి. మొన్న ఈస్టరుకు కూడా ఆ బూట్లు ఇంతగా మెరవలేదు.

"ఏమయ్యా, ఇదేంది?" మార్తమ్మ ఫోను అతని ముక్కు ముందు పెట్టింది.

"అర్జీ."

"అర్జీ అని నాకు గూడ తెల్సు. సొంత అల్లుని మీద పెడ్తరా ఎవలన్న?"

"అల్లుని మీద పెట్టలే. ఇరుకు మీద పెట్టిన." బ్రష్షు ఆగలేదు. "గోడకు నోటీసు అంటించిండ్రు. అభ్యంతరాలుంటే చెప్పుండ్రి అన్నరు. నాకున్నది, చెప్పిన."

"ఊర్ల ఇంకెవలకు లేదా?"

"ఊర్ల ఎవలకు కొలుసుడు వస్తది?"

ఎవాంజెలిన్ నడుం మీద చేతులు పెట్టుకుంది. బడిలో ఏడో తరగతి పిల్లల ముందు ఎట్లా నిలబడుతుందో తండ్రి ముందూ అట్లాగే నిలబడింది. "బాపూ, ఆయన లైసెన్సు పోతది, తెల్సా నీకు?"

"కావాలని చేసినోనికి పోవుడే న్యాయం. సాబిర్ దోస్తని, అల్లుని పని అని, నేనే పొయ్యి నా చేత్తోటి పిల్లర్లకు ముగ్గు పోసిచ్చిన. సక్కగ పోసిచ్చిన. ఆనెంక పిల్లర్లు దగ్గరికి జరిపి కట్టిండు. అట్ల మిగిలిచ్చిన జాగల ఎనుక పంచర్ల రూము లేపిండు. నాకు కండ్లు లేవనుకున్నడు."

ఎవాంజెలిన్ నోరు తెరిచింది. మార్తమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. తెరిచిన నోరు మూతపడింది.

సరిగ్గా అప్పుడే టోనీ హెల్మెట్ చంకలో పెట్టుకుని దిగి వచ్చాడు. వరండాలో మామకూ అల్లుడికీ మధ్య మూడడుగులు కూడా లేవు.

"మార్తా, మోటరు బందు చెయ్యుమని చెప్పు. ట్యాంకు నిండి కారుతంది," అన్నాడు యోనా బూటుతో.

"బందు చేసిన అని చెప్పు అత్తమ్మా," అన్నాడు టోనీ గోడతో.

"ఇద్దరికి చెవులున్నయి గద! నన్నేమన్న టెలిఫోన్ తీగ అనుకున్నరా?"

బిల్డింగు ఇరుకైందని తెలిసి యోనా అల్లుణ్ని దొంగ అన్న నాటినుంచి, పదకొండు రోజులుగా ఆ ఇంట్లో ఇదే తంతు. మామ ఉన్నంతసేపు అల్లుడు టీవీ ముందుకు రాడు, అల్లుడు తింటున్నంతసేపు మామ ఆకలి లేదంటాడు. మధ్యలో మార్తమ్మ ఇద్దరికీ విడివిడిగా అన్నం పెట్టి, విడివిడిగా తిట్లు పెట్టి, విడివిడిగా ప్రార్థన చేస్తోంది.

టోనీ భార్య చేతిలో ఫోను చూశాడు. ఉత్తరం మొత్తం చదివాడు. కోపం వస్తుందేమోనని మార్తమ్మ అతని ముఖమే చూస్తూ ఉంది.

"మామ చేతిరాత ఎంత మంచిగుంటది," అన్నాడు మెల్లగా. అని వంటింట్లోకి పోయాడు.

మార్తమ్మ అతని వెనకే నడిచింది. తిట్టినా బాగుండేది.

వంటింట్లో గిన్నె అడుగు మాడుతోంది. ఆమె గబగబా దించి, మాడని ముక్క తీసి అల్లుడి ప్లేటులో పెట్టింది. తర్వాత తలుపు దగ్గరికి వేసింది.

"ఇగ నేను చెప్త. నాతోని గాదు, టోనీ."

"వద్దత్తమ్మా."

"ఐతారం నాడు ఎవాంజి నాకు చెప్పినప్పటి సంది ముద్ద దిగుతలేదు. తప్పు ఆయనది, దొంగవు నువ్వా?"

తప్పు ఆయనదే. అది తెలియనిది ఇంట్లో ఆయన ఒక్కడికే.

గని లోపల పిల్లర్ అంటే కప్పు కూలకుండా తవ్వకుండా వదిలిన బొగ్గు దిమ్మ. రెండు పిల్లర్ల మధ్య దూరం ఎంత అంటే అక్కడ దీని నడుమ నుంచి దాని నడుమకు కొలుస్తారు. ముప్పై నాలుగేళ్లు గనిలో కొలతల చైను పట్టిన యోనా చెయ్యి అట్లాగే కొలిచింది. టోనీ ప్లానులో పిల్లర్ల మధ్య ఏడున్నర మీటర్లు అని ఉంది. అది మూడు కార్లు ఆగే ఖాళీ జాగా, ఈ పిల్లరు అంచు నుంచి ఆ పిల్లరు అంచుకు. యోనా ముగ్గు పోసిన రోజు ఏడున్నర అన్న అంకె చూశాడు, గీత ఎక్కడినుంచి ఎక్కడికి ఉందో చూడలేదు. నడుమ నుంచి నడుమకు వేశాడు. పిల్లరు మందం నలభై అయిదు సెంటీమీటర్లు కార్ల జాగాలోంచి పోయింది. మూడు కార్లకు పంచితే తలా పదిహేను.

అట్లా పిల్లరుకూ పిల్లరుకూ మధ్య ఉన్న ఆరు ఖానాలలో తగ్గిందంతా చివర్న వెనక గోడ దగ్గర మిగులుగా తేలింది. జాగా ఎక్కువ ఉందేమో అనుకున్నాడు టోనీ. పంచర్ల రూము కట్టమన్నాడు సాబిర్. కట్టాడు. పదిహేను రోజుల కింద ఆఫీసువాళ్లు వచ్చి కొలిచినప్పుడు గానీ విషయం బయటపడలేదు. ఆ రోజు టోనీ ప్లానును ఇంటి నేల మీద పరుచుకుని గంటసేపు కూర్చుని, మామ ఏం చేశాడో కనిపెట్టి, ఎవరికీ చెప్పొద్దని భార్య చేత ఒట్టు వేయించుకున్నాడు. ఎవాంజెలిన్ ఆ ఒట్టును పది రోజులు కూడా మోయలేకపోయింది.

"పెండ్లయిన కొత్తల నాకు టేపు పట్టుడు నేర్పింది మామనే," అన్నాడు టోనీ ముక్క తుంచుతూ. "మొన్న చర్చి బయట ఎవలో అడిగితే ఆయన చెప్పుతుండు. గనిల రెండు దిక్కులకెల్లి తొవ్వ తవ్వుకుంటొస్తే, నడుమ కలిసినకాడ అగ్గిపుల్ల మందం గూడ తేడా రాలే అని. ఆ ముచ్చట చెప్పేటప్పుడు ఆయన మొఖం చూసినవా అత్తమ్మా? అది నేను గుంజుకోను."

"మరి నీ మొఖం?"

"నాది పిల్ల కాంట్రాక్టరు మొఖం. మళ్ల మొలుస్తది."

మార్తమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఏదీ బయటపడనీయకుండా ఇంకో ముక్క ప్లేటులో వేసింది. "తిను. నేను గూడ వస్త బిల్డింగుకు. మీ ఇద్దరిని ఇడిసిపెడ్తే ఆడ ఏం జేసుకుంటరో."

బిల్డింగు దగ్గర సాబిర్ అప్పటికే పచార్లు చేస్తున్నాడు. కార్ల సామాన్ల దుకాణం ఆయనది, ఈ బిల్డింగు ఆయన ఇరవై ఏళ్ల కల. మార్కెట్ గల్లీలో కారు ఆపడానికి చోటు లేక జనం ఒకరి బండిని ఒకరు తిట్టుకుంటుంటే విని విని, ఉన్న పాత షెడ్డు కూల్చి కట్టించాడు. ఇంకా రిబ్బను కత్తిరించలేదు గానీ నేల మీద సన్నగా బొగ్గు దుమ్ము అప్పుడే చేరింది.

"సలాం భాభీ. నువ్వు గూడ వచ్చినవా? మంచిగైంది," అన్నాడు సాబిర్. యోనా వైపు తిరిగి, "భాయ్, చాయ్ తాగుతవా?" అని అడిగాడు. అర్జీ సంగతి ఆయనకూ తెలుసు. అయినా అడిగాడు.

"విచారణ అయినంక," అన్నాడు యోనా బిగుసుకుని.

టౌన్ ప్లానింగ్ ఆఫీసరు సదానందం నెమ్మదైన మనిషి. మొదటి అంతస్తులో పిల్లరుకు ఆనుకుని నిలబడి, ప్లాను కారు బానెట్ మీద పరిచాడు.

"చూడుండ్రి, పొరపాటు జరిగితే సడలింపు రాసే వీలు మాకున్నది. కావాలని చేస్తే లేదు. టోనీ గారు పొరపాటనే రాసిండ్రు. ఎట్ల జరిగిందో రాయలే. ఎనుక రూము చూస్తే నాకు అనుమానం వస్తంది. ముందు ఇరుకు ఎంతున్నదో చూద్దాం. మూడు కార్లు పెట్టించిన. నడుమ కారుల కూసొని ఎవరన్న దిగుండ్రి."

"నేను దిగుత సార్," అన్నది మార్తమ్మ.

ఎవరూ ఆపేలోపే వెళ్లి కూర్చుంది. తలుపు జానెడు తెరుచుకుని పక్క కారుకు తగిలి ఆగింది. ఆమె చీర కుచ్చిళ్లు బిగించి, ఊపిరి పీల్చి, ముందు ఒక కాలు, తర్వాత ఒక భుజం, తర్వాత మిగిలిన మార్తమ్మను బయటికి తెచ్చింది. నొప్పి మోకాలు తలుపు అంచుకు గట్టిగా కొట్టుకుంది. పళ్ల బిగువున నవ్వింది.

"మంచిగనే ఉన్నది సార్. మా వంటింటి తలుపు గూడ గింతే."

"అబద్ధం," అన్నాడు యోనా. "మోకాలు కొట్టుకున్నది. నేను చూసిన."

"నా మోకాలు, నా ఇష్టం."

సదానందం నవ్వు ఆపుకుని కాగితంలో ఏదో రాసుకున్నాడు. తర్వాత తలెత్తి అడిగాడు. "ముగ్గు ఎవరు పోసిండ్రు?"

"నేనే సార్," అన్నాడు టోనీ వెంటనే. "నా పొరపాటే."

"మల్ల అబద్ధం!" యోనా ముందుకు వచ్చాడు. "ముగ్గు పోసింది నేను. పోసినకాడ కట్టలే ఈయన. పిల్లర్లు జరిపిండు."

సదానందం ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఆరు ఖానాలున్నయి. ఆరింటికి ఆరు, సరిగ్గ నలభై అయిదే తగ్గింది. చెయ్యి జారితే ఒక్కకాడ జారుతది. ఆరుకాడ ఒక్కతీరుగ ఎట్ల జారింది, టోనీ గారు?"

టోనీ నేల చూశాడు. పదేళ్లుగా ఇళ్లు కడుతున్నవాడు అట్లాంటి పొరపాటు చేశానని చెప్పినా నమ్మేవాళ్లెవరు? అది ఇళ్లు కట్టేవాళ్లు చేసే తప్పు కాదు.

"గదే నేను మొత్తుకునేది!" యోనా జేబులోంచి టేపు తీశాడు. "కావాలని జరిపిండు కాబట్టే ఒక్కతీరుగున్నది. పట్టుండ్రి సార్, చూపిస్త."

మార్తమ్మ అడ్డం వచ్చింది. "ఏమయ్యా, ఇంటికి పోదాం పా," అన్నది. ఆ మాట ఆయనకు వినపడలేదు. కొలిచేటప్పుడు ఆయనకు ఏదీ వినపడదు.

సదానందం క్లర్కు టేపు కొస పట్టుకున్నాడు. "ఈడ గాదు, నడుమ పెట్టు," అన్నాడు యోనా. అవతలి పిల్లరు దగ్గరికి నడిచి, బొటనవేలు దాని నడుమకు పెట్టి, కళ్లు చిట్లించి చదివాడు.

"ఏడున్నర."

గర్వంగానే అన్నాడు. ఏడున్నరకు వెంట్రుకవాసి ఎక్కువ లేదు, తక్కువ లేదు. తాను ముగ్గు పోసినచోటనే ఉంది పిల్లరు. ఎవరూ జరపలేదు.

ఆ సంగతి ఆయనకు అందడానికి కొంచెంసేపు పట్టింది. మార్తమ్మ చూస్తూనే ఉంది. మొదట బొటనవేలు పిల్లరు మీదినుంచి దిగింది. తర్వాత ఆయన కారు దగ్గరికి వచ్చి, ప్లాను మీదికి వంగి, ఏడున్నర అన్న అంకె పక్కనున్న గీతను వేలితో వెంబడించాడు. గీత పిల్లరు అంచు దగ్గర మొదలై అంచు దగ్గర ఆగింది. వేలు కూడా అక్కడే ఆగింది.

కింద గల్లీలో షేర్ ఆటోవాడు బస్టాండు, బస్టాండు అని అరుస్తున్నాడు.

యోనా నడుం నిటారు చేసుకుని భార్య వైపు తిరిగాడు. "నీకెన్నడు తెల్సింది?"

"ఐతారం నాడు."

"ఈయనకు?"

"పదిహేను దినాలాయె."

యోనా మెల్లగా వెళ్లి అల్లుడి ముందు నిలబడ్డాడు. పదకొండు రోజుల తర్వాత మొదటిసారి అతనితోనే మాట్లాడాడు. "దొంగన్న గద రా నిన్ను."

"అన్నరు మామా."

"ఎదురు చెప్పకపోయినవా?"

"మీరు చాన గట్టిగ అన్నరు."

యోనా నవ్వబోయాడు, చేతకాలేదు. టోనీ మెడ వెనక చెయ్యి వేసి దగ్గరికి తీసుకున్నాడు. పొడుగరి అయిన టోనీ మామకు అందేలా కొంచెం వంగాడు. మార్తమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. సదానందానికి కూడా ప్లానులో అప్పటికప్పుడు చూడాల్సింది ఏదో గుర్తొచ్చింది.

"రాసుకోండ్రి సార్," అన్నాడు యోనా. "గనిల కొలిచినట్టు కొలిచిన. నడుమ నుంచి నడుమకు. తప్పు నాది. ఈ పిలగానిది ఏం లేదు."

"ఇగ తేలిపోయింది." సదానందం కలం తీశాడు. "పొరపాటే అని నేను రాస్త. లైసెన్సుకు ఢోకా లేదు. పెద్దాయన, ఉన్న అభ్యంతరం మీదొక్కటే. వాపసు తీసుకుంటున్నట్టు ఈడ సంతకం పెట్టుండ్రి, సడలింపుకు నేను సిఫారసు చేస్త."

మార్తమ్మ గుండె తేలికపడింది. సాబిర్ గట్టిగా ఊపిరి వదిలాడు. యోనా కలం అందుకున్నాడు, కాగితం మీద పెట్టలేదు.

"వాపసు తీసుకోను సార్."

"మామా!" అన్నాడు టోనీ.

"తప్పు ఎవలదో తేలింది. ఇరుకు తగ్గిందా? మా ఆడమనిషి మోకాలు డోరుకు కొట్టుకొని గూడ నవ్వింది, మీరు సూడలే. దినాం వంద మంది దిగుతరు ఈడ. నా తప్పుకు వాళ్లెందుకు మోకాళ్లు కొట్టుకోవాలె? మూడు కార్లు పెట్టేకాడ రెండే పెట్టించుండ్రి. సుకంగ దిగుతరు."

"అట్ల చేస్తే కార్ల లెక్క తక్కువైతది. అప్పుడు జాగా కొలత బదులు లెక్క మీద సడలింపు అడగాలె. అడగొచ్చు." సదానందం సాబిర్ వైపు చూశాడు. "మరి ఓనరు ఒప్పుకోవాలె."

అందరూ సాబిర్ వైపు తిరిగారు. ఆయన వరసగా ఉన్న పిల్లర్లను చూస్తూ నిలబడి ఉన్నాడు.

"ముగ్గు పోసిన దినం నేను ఈడనే ఉన్న భాయ్," అన్నాడు చివరికి. "చాయ్ తెచ్చిన గద. నువ్వు మేకు నడుమ కొడుతున్నవు. పక్క బిల్డింగోళ్లు అంచుకాడ కొట్టిండ్రు, నేను చూసిన. ఇదేంది గిట్ల కొడుతుండు అనుకున్న."

"మరి అడగకపోయినవా?"

"నువ్వు కొలుస్తుంటే ఎట్లడుగుత?"

యోనా అల్లుడి వైపు చూశాడు. టోనీ తల వంచుకున్నాడు. "నేను గూడ మళ్ల టేపు పెట్టలే మామా. మీరు కొలిచింది నేను మళ్ల కొలుసుడా?"

"ఒక్కలన్న అడగాలె గద," అన్నాడు యోనా. "తప్పైతదని ఒక్కలన్న అడగాలె గద రా."

సాబిర్ దగ్గరికి వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఆ చేతిలో కలం ఉంది.

"అయితే ఇప్పుడు అడుగుతున్న భాయ్. నువ్వు ముగ్గు పోస్తనంటేనే పాత షెడ్డు కూలగొట్టిన. మూడుల ఒకటి తీసేస్తే నేను దీన్ని నడపలేను, బందు పెట్టాలె. ఆ కాయితం వాపసు తీసుకో."

ముప్పై ఏళ్ల దోస్తీలో సాబిర్ ఆయన్ను ఏదీ అడగలేదు. యోనా సాబిర్ ముఖం చూశాడు, భార్య మోకాలు చూశాడు. కలం మూత పెట్టలేదు, సంతకమూ పెట్టలేదు.